చీటీ మీద అంకెలు, కొండ మీద మంచు

కొలరాడోలో అక్టోబరు రాగానే స్నోమొబైల్ (ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్‌తో మంచు మీద నడిచే బండి) షాపుల్లో కొత్త బళ్ళు దిగుతాయి. ఒక్కోదాని హ్యాండిల్‌కి ఒక చీటీ వేలాడుతుంటుంది. ఒకదాని మీద 'సమ్మిట్ ఎక్స్ 850 ఈ-టెక్ టర్బో ఆర్ 165 3.0' అని, పక్కదాని మీద 'ఆర్‌ఎంకే ఖేయాస్ 850 155 2.75' అని రాసి ఉంటుంది. చూడ్డానికి రైలు నంబర్లలా ఉంటాయి. డెన్వర్ వచ్చిన కొత్తలో నేనూ ఆ చీటీలు చదివి, ఏ అంకె పెద్దదైతే ఆ బండే గొప్పదనుకున్నాను.

850 అంటే ఇంజన్ సీసీ. 165 అంటే కింద తిరిగే రబ్బరు ట్రాక్ పొడవు, అంగుళాల్లో. 3.0 అంటే ఆ ట్రాక్ మీద పొడుచుకొచ్చిన రబ్బరు పళ్ళ ఎత్తు, అదీ అంగుళాల్లోనే. షాపువాడు మాట మొదలెట్టేది 850 దగ్గర. కొనేవాడు లెక్క మొదలెట్టాల్సింది మాత్రం 165 దగ్గర. ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది మా బావమరిది పుణ్యాన.

వాడుండేది మినియాపొలిస్‌లో. మిన్నెసోటా అంటే స్నోమొబైల్‌కి పుట్టిల్లు లాంటిది. స్నోమొబైళ్ళు చేసే కంపెనీల్లో పొలారిస్ రోసో అనే చిన్న ఊళ్ళో పుట్టింది, ఆర్కిటిక్ క్యాట్ థీఫ్ రివర్ ఫాల్స్‌లో. ఆ రాష్ట్రంలో చదును చేసి ఉంచిన మంచుదారులే 20 వేల మైళ్ళ పైన ఉంటాయి. వాడి బండి ఆ దారుల కోసం చేసింది: 129 అంగుళాల ట్రాక్, అంగుళంపావు పళ్ళు. దాన్ని ట్రైలర్ మీద వేసుకుని ఒక జనవరిలో మా కొలరాడోలోని రాబిట్ ఇయర్స్ పాస్ అనే కొండ కనుమకి వచ్చాడు. "బావా, ఇది సరస్సు మీద గంటకి 90 మైళ్ళు కొట్టింది" అన్నాడు. కొట్టే ఉంటుంది. దారి వదిలి పక్కకి 20 అడుగులు వెళ్ళాడో లేదో, వెనకభాగం గోతిలో కూరుకుపోయి, ముందు స్కీలు ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోయింది. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కాడు. ట్రాక్ ముందుకి తోయాల్సింది పోయి బావి తవ్వడం మొదలెట్టింది. దిగి తోద్దామని కాలు పెట్టాడు, నడుం దాకా దిగిపోయాడు.

మనిషి నడుం దాకా దిగిపోయే చోట నడిపేవాడితో కలిపి మూడు వందల కిలోల బండి పైన తేలడం వింతగానే ఉంటుంది. కిటుకంతా వైశాల్యంలో ఉంది. 75 కిలోల మనిషి బరువు రెండు బూట్ల మీద పడుతుంది. కొండ స్లెడ్ బరువు (ఇక్కడివాళ్ళు స్నోమొబైల్ అనరు, స్లెడ్ అంటారు) ఐదడుగుల పైచిలుకు పొడవు, 15 లేదా 16 అంగుళాల వెడల్పు ఉన్న రబ్బరు చాప మీద పరుచుకుంటుంది. చదరపు అంగుళానికి పడే ఒత్తిడి మన కాలి కింద కంటే తక్కువ. చాప పొడుగైన కొద్దీ తేలడం ఎక్కువ. ఒండ్రుమట్టిలో నడవాల్సి వస్తే పలక పరుచుకుంటాం చూడండి, అలాంటిదే.

ఇక్కడ చాలామంది ఒక చిన్న విషయం మరిచిపోతారు. 165 అన్నది ట్రాక్ మొత్తం చుట్టుకొలత, మంచుకి ఆనే పొడవు కాదు. రోలర్ల చుట్టూ తిరిగే పట్టీ కాబట్టి అందులో సగం కంటే తక్కువే ఏ క్షణానైనా నేల మీద ఉంటుంది. అంటే 154కీ 165కీ ఉన్న 11 అంగుళాల తేడాలో మంచు మీదకి వచ్చేది ఐదున్నర అంగుళాలే. ఈ ఐదున్నర అంగుళాల కోసమే ఏటా చలిమంట చుట్టూ కూర్చుని జనం గొంతులు చించుకుంటారు. అవి నిజంగా తెలుస్తాయి కూడా. నిటారు వాలు మీద, కొత్తగా రెండడుగులు పడ్డ పొడిమంచులో, 154 ఆగిపోయిన చోటు నుంచి 165 ఇంకొంచెం పాకుతుంది. 175 ఇంకాస్త. కానీ ఆ పొడవుకి కట్టే మూల్యం మలుపులో ఉంటుంది. చెట్ల మధ్య సందులో గిర్రున తిప్పాల్సి వచ్చినప్పుడు 175 ఆర్టీసీ బస్సు రివర్స్ తీసినట్టు తిరుగుతుంది. 146 అయితే దూడలా గెంతుతుంది, కాకపోతే లోతు మంచులో తొందరగా ఊపిరి వదిలేస్తుంది.

పళ్ళ సంగతి ఇంకొంచెం సూటిగా తేలిపోతుంది. చదును దారి బళ్ళకి అంగుళం, అంగుళంన్నర. అటూ ఇటూ తిరిగే క్రాస్ఓవర్ బళ్ళకి రెండు అంగుళాల ప్రాంతం. కొండకి రెండున్నర నుంచి మూడు. మూడంగుళాల పన్ను పొడిమంచులో పడవ తెడ్డులా పనిచేస్తుంది. అదే పన్ను గట్టిపడ్డ దారి మీద వేగంగా పోతే మడతపడి, వేడెక్కి, చివరికి చిరిగి ఊడిపోతుంది. మీ పార్కింగ్ చోటు నుంచి అసలు మంచు దాకా పది పదిహేను మైళ్ళ గట్టి దారి ఉంటే రెండున్నర అంగుళాల పళ్ళు చూసుకోవడం మేలు.

మంచు అంటే అన్నిచోట్లా ఒకే పదార్థం కాదు. కొలరాడో, యూటా, వయోమింగ్ కొండల్లో పడేది సముద్రానికి దూరంగా, చలిలో ఎండిన మంచు. పది అంగుళాలు కరిగిస్తే అంగుళం నీళ్ళు కూడా రావు. సిమెంటు బస్తా విప్పినట్టు ఎగిరిపోతుంది, కింద ఆనడానికి ఏమీ దొరకదు. వాషింగ్టన్ రాష్ట్రంలో క్యాస్కేడ్ కొండల మంచు పసిఫిక్ తేమతో బరువుగా, తడి ఇసుకలా ఉంటుంది. దాని మీద ట్రాక్‌కి పట్టు సులభంగా చిక్కుతుంది. సియాటిల్‌లో ఉండే మనవాళ్ళు డెన్వర్ వాళ్ళ సలహా విని 165 కొనేయడం, ఆ తర్వాత మలుపు తిరగడం లేదని తిట్టుకోవడం నేను రెండుసార్లు చూశాను. సలహా ఇచ్చేవాడు ఏ కొండ మీద తిరుగుతాడో ముందు అడగాలి.

తేలడం, తిరగడం ఒకదానితో ఒకటి పోట్లాడే గుణాలని ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ పోట్లాటలో మధ్యవర్తి ముందున్న స్కీల ఎడం. దారి బండికి రెండు స్కీల మధ్య 42 అంగుళాల దాకా దూరం ఉంటుంది, వేగంలో పల్టీ కొట్టకుండా. కొండ బండికి 36 అంగుళాల చుట్టుపక్కల. అంత ఇరుకుగా ఎందుకంటే, కొండ మీద బండిని పల్టీ అంచు దాకా ఒరిగించి ఉంచడమే అసలు విద్య.

దీన్ని సైడ్‌హిల్ అంటారు. కొండ మీ కుడివైపు ఉందనుకోండి. వాలుకి అడ్డంగా పోవాలి. బండిని చదునుగా ఉంచితే జారి కిందికి పోతుంది. అందుకని ఎడమ కాలు తీసి కుడి ఫుట్‌బోర్డు మీద పెడతారు, కుడి కాలు కొండ వైపు గాల్లో వేలాడుతుంది. హ్యాండిల్ కొండ వైపు కాకుండా లోయ వైపు తిప్పుతారు. చదివితే తప్పుగా అనిపిస్తుంది, అయినా అదే సరి. ఆ తిప్పుడికీ, ఒక్క నొక్కు యాక్సిలరేటర్‌కీ బండి కుడి అంచు మీదకి ఒరుగుతుంది. ఆ అంచు మంచులోకి దిగి, గట్టు మీద సైకిల్ పోయినట్టు వాలుని కోసుకుంటూ పోతుంది. మొదటి నెల అంతా చెయ్యి భయపడి కొండ వైపే తిప్పుతుంది. 65 కిలోల మనిషి కూడా ఒంటి బరువుతో ఒరిగించగలిగితేనే అది మంచి కొండ బండి. షాపులో కార్పెట్ మీద నిలబెట్టి ఒక పక్కకి లాగి చూస్తే కొంత తెలుస్తుంది. పూర్తిగా తెలిసేది మంచులోనే.

ఒకే కంపెనీ ఒకే పొడవులో రెండు రకాలు ఎందుకు అమ్ముతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. పొలారిస్ తీసుకుందాం. ఆర్‌ఎంకే అంటే రాకీ మౌంటెన్ కింగ్. అందులో ప్రో రకానికి వెనక సస్పెన్షన్ ముందు చేయి, వెనక చేయి ఒకదానికొకటి కట్టుబడి కదులుతాయి, అందువల్ల ఎక్కేటప్పుడు ముందుభాగం లేవకుండా అణిగి ఉంటుంది. ఖేయాస్‌కి ఆ రెండూ విడివిడిగా కదులుతాయి, ముక్కు సులభంగా లేస్తుంది, ఒంటి కాలి మీద గెంతడం ఇష్టమున్నవాడికి పండగ. కెనడాలో క్యుబెక్ కంపెనీ స్కీ-డూ సమ్మిట్‌లో టీ-మోషన్ అని ట్రాక్ వెనకభాగం కాస్త పక్కకి ఒరిగేలా చేసింది. ఆర్కిటిక్ క్యాట్ ఆల్ఫా వన్‌కి ట్రాక్ లోపల కింద ఉండే రెండు పట్టాల బదులు ఒకే పట్టా పెట్టి, ఒరగడాన్ని ఇంకా తేలిక చేసింది. ఒరగడం తేలికైతే నేర్చుకునేవాడికి సాయం, గట్టి మంచులో మాత్రం కాస్త ఊగినట్టుంటుంది. నా మట్టుకు నేను కొత్తవాడికి ముక్కు అణిగి ఉండే బండినే చెబుతాను. ముక్కు లేచే బండి వాలు మీద వెనక్కి పడితే అది మీద పడుతుంది.

ఇప్పుడు ఇంజన్ దగ్గరికి వద్దాం. స్కీ-డూ బళ్ళలో వచ్చే 850 సీసీ రోటాక్స్ ఇంజన్ 165 హార్స్‌పవర్ ఇస్తుందని బ్రోషర్ చెబుతుంది. అబద్ధం కాదు, కాకపోతే అది సముద్రమట్టం మాట. పైకి పోయిన కొద్దీ గాలి పలచబడుతుంది. మోటుగా ప్రతి వెయ్యి అడుగులకీ 3 శాతం బలం పోతుందని లెక్క. వేల్ పాస్ ఎత్తు 10,662 అడుగులు. అక్కడ పార్కింగ్‌లో బండి దించేసరికే 165లో 115 దరిదాపుల్లో మిగులుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కదా, కంప్యూటర్ సరిచేసుకోదా అని అడుగుతారు. ఉన్న గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గిస్తుంది, అంతే. లేని గాలిని ఎక్కడినుంచి తెస్తుంది?

తెచ్చేది టర్బో. స్కీ-డూ 2020 మోడల్‌కి కంపెనీలోనే టర్బో బిగించిన టూ స్ట్రోక్ ఇంజన్ తెచ్చింది. 8,000 అడుగుల దాకా 165 హార్స్‌పవర్ తగ్గకుండా నిలబెడుతుందని దాని ప్రత్యేకత. తర్వాత వచ్చిన టర్బో ఆర్ 180 ఇస్తుంది. పొలారిస్ 2022 మోడల్‌లో పేట్రియట్ బూస్ట్ అనే టర్బో ఇంజన్‌తో బదులిచ్చింది. కాబట్టి టర్బో ఎవరికి అనే ప్రశ్నకి జవాబు సముద్రమట్టం నుంచి మీ కొండ ఎత్తు ఎంత అన్నదాని మీదే ఉంది. పదివేల అడుగుల్లో తిరిగే కొలరాడో మనిషికి టర్బో విలాసం కాదు, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం. ఐదారు వేల అడుగుల్లో తిరిగే మనిషికి, అందులోనూ మొదటి రెండు సీజన్లలో, అది ధరనీ బరువునీ పెంచి, ఆపద దాకా మరింత త్వరగా తీసుకెళ్ళే సరంజామా. 600 తరగతిలో 125 హార్స్‌పవర్ బండి తేలిగ్గా ఉంటుంది, తప్పు చేస్తే క్షమిస్తుంది. కానీ కొలరాడో ఎత్తుల్లో ఆ 125 కూడా 90కి దిగిపోతుందని మరవకూడదు.

ఎత్తు సంగతి వచ్చింది కనుక క్లచ్ గురించి రెండు మాటలు. స్నోమొబైల్‌కి గేర్లుండవు. రెండు కప్పీలు, వాటి మధ్య ఒక బెల్టు, ఇంజన్ వేగం పెరిగే కొద్దీ ముందు కప్పీ రెండు పలకలూ దగ్గరికి నొక్కుకుంటాయి. ఎంత వేగంలో నొక్కుకోవాలో లోపలున్న చిన్న బరువులు నిర్ణయిస్తాయి. వెయ్యి అడుగుల ఊరికి తూకం వేసిన బరువులు పదివేల అడుగుల్లో నీరసపడ్డ ఇంజన్‌కి భారమవుతాయి, ఇంజన్ తన అసలు ఆర్‌పీఎమ్ అందుకోలేదు. మైదానంలో కొన్న బండిని కొండకి తెచ్చి 'ఇంజన్ పాడైంది' అని గొడవపడేవాళ్ళ బళ్ళలో చాలావాటికి కావాల్సింది తేలికపాటి బరువుల సెట్ ఒకటి. కొనేటప్పుడే ఏ ఎత్తుకి అమర్చారో అడిగితే సరిపోతుంది. బెల్టు వేడికి తెగుతుంది కాబట్టి రెండోది బండిలో ఎప్పుడూ ఉండాలి.

బరువు దగ్గర కంపెనీలు చేసే చిన్న మాయ ఒకటుంది. బ్రోషర్లో రాసే 200 కిలోల ప్రాంతం 'పొడి బరువు', అంటే పెట్రోలు, కూలెంట్, ఆయిల్ లేకుండా. టాంకులో 40 లీటర్లు పోస్తేనే 30 కిలోలు. అందులోకి టన్నెల్ (ట్రాక్ మీద కప్పినట్టుండే లోహపు రేకు) కింద గడ్డకట్టే మంచు కలిపితే, తవ్వి బయటికి లాగాల్సిన బండి 240 దాటుతుంది. రెండు బళ్ళని పోల్చేటప్పుడు ఐదారు కిలోల తేడాకి వేల డాలర్లు పోయడం కంటే, టాంకు సగం నింపుకుని తిరగడం సులువని నా అనుభవం.

చల్లబరిచే ఏర్పాటు ఇంకోటి. ఈ బళ్ళలో చాలావాటికి కారులో లాంటి రేడియేటర్ ఉండదు. ట్రాక్ ఎగజిమ్మే మంచు టన్నెల్ కింద ఉన్న గొట్టాలకి తగిలి కరుగుతూ ఇంజన్ వేడిని లాక్కుంటుంది. మార్చి నెలలో దారి గాజులా గడ్డకట్టాక మంచు ఎగరదు, వేడి సూచిక లైటు వెలుగుతుంది. స్కీలకో పట్టాలకో బిగించే స్క్రాచర్లు, అంటే దారిని గీకి మంచు పొడిని లేపే తీగలు, ఉన్నాయో లేవో చూసుకోవాలి. లేకపోతే బిగించుకోవాలి, పెద్ద ఖర్చు కాదు.

కంపెనీల సంగతి త్వరగా ముగిస్తాను. యమహా 2023లో స్నోమొబైల్ వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది, అమెరికాలో 2025 మోడల్‌తో సరి. ఆర్కిటిక్ క్యాట్‌ని 2017లో కొన్న టెక్స్‌ట్రాన్ 2025లో అమ్మేసింది. ఇవి కాక ఉన్నవి పొలారిస్, స్కీ-డూ, దాని అన్నదమ్ముడు లాంటి ఫిన్లాండ్ లింక్స్. ఏది గొప్పదని అడిగితే నేను చెప్పే జవాబు ఎవరికీ నచ్చదు: మీ ఇంటికి గంట దూరంలో ఏ కంపెనీ మెకానిక్ బాగా పనిచేస్తాడో ఆ బండి. ఫిబ్రవరిలో, సీజన్ నడిమధ్య, ఒక చిన్న సెన్సర్ కోసం మూడు వారాలు ఎదురుచూసిన మనిషిగా చెబుతున్నాను.

కొత్త 850 కొండ బండి 15 వేల డాలర్ల ప్రాంతంలో మొదలై, టర్బో వేస్తే 20 వేల దాకా, ఒక్కోసారి ఆపైకి పోతుంది. నిజానికి కొనే కాలం చలికాలం కాదు, వసంతం. మార్చి, ఏప్రిల్‌లో వచ్చే ఏడాది మోడల్‌కి అడ్వాన్సు కట్టి, ట్రాక్, రంగు, షాక్ అబ్సార్బర్లు ఎంచుకుంటే, చలికాలానికి ముందు చేతికిస్తారు. అలా కట్టినవాళ్ళకి అదనపు వారంటీ ఇవ్వడం మామూలు. కొన్ని రకాలు ఈ పద్ధతిలో తప్ప దొరకవు. అంటే బండిని చూడకుండానే డబ్బు కట్టాలి, అందుకే ముందు లెక్క తేల్చుకోవడం.

డబ్బంతా బండి మీదే పోయకూడదన్నది నేను పట్టుబట్టి చెప్పే మాట. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. సరిగ్గా ఆ వాలులే స్లెడ్‌కి సరదా. కింద కూరుకుపోయిన మనిషిని 10 నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిది మంది దాకా దక్కుతారు. అరగంట దాటితే ముగ్గురు దక్కడం కూడా కష్టం. ఆ పది నిమిషాల్లో హెలికాప్టర్ రాదు, వచ్చేది మీ పక్క బండివాడే. అందుకని గుంపులో ప్రతి ఒక్కరి ఒంటి మీదా బీకన్ (మంచు కింద ఉన్న మనిషి జాడ చెప్పే రేడియో పరికరం), వీపు సంచిలో మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార ఉండాలి. బండి డిక్కీలో పెడితే బండి ఒకచోట, మనిషి ఒకచోట పోతారు. బీకన్ పక్కన ఫోన్ పెట్టుకుంటే సిగ్నల్ చెడుతుంది. వాలు మీద ఒకేసారి ఒక్కరే ఎక్కాలి. పైన ఇరుక్కుపోయిన స్నేహితుడికి సాయం చేద్దామని రెండో బండి వెళ్ళకూడదు. ఈ ఒక్క నియమం పాటించడం మనవాళ్ళకి మహా కష్టం, ఎందుకంటే ఇరుక్కున్నవాణ్ణి చూస్తూ ఊరుకోవడం మన పెంపకంలో లేదు. 2010 మార్చిలో బ్రిటిష్ కొలంబియాలో రెవెల్‌స్టోక్ దగ్గర బౌల్డర్ కొండ మీద చరియ విరిగినప్పుడు, కింద గుంపుగా నిలబడి చూస్తున్నవాళ్ళ మీదే వచ్చి పడింది. ఇద్దరు చనిపోయారు. ఎక్కడ నిలబడాలో కూడా నేర్చుకోవాల్సిన చదువే.

ఇంకో సంగతి, కొండ కనిపించింది కదా అని ఎక్కడపడితే అక్కడికి పోవడం కుదరదు. 1964 చట్టం కింద వైల్డర్‌నెస్ అని ప్రకటించిన అడవుల్లోకి ఏ మోటారు బండీ పోకూడదు. హద్దు మంచు కింద కనపడదు కనుక ఫోన్లో మ్యాపు దించుకుని ఉంచుకోవాలి.

మా బావమరిది కథ మధ్యలో వదిలేశాను. బండిని ఆ గోతిలోంచి తీయడానికి మా ఇద్దరికీ ముప్పావుగంట పట్టింది. ముందర మంచు తొక్కి వాలు చేసి, పక్కకి దొర్లించి, తాడు కట్టి లాగి. వాడు మార్చిలో ఫోన్ చేసి "165 టర్బోకి అడ్వాన్సు కట్టేస్తున్నా బావా" అన్నాడు. ఏడాదికి కొండ మీద ఐదు రోజులు ఉండేవాడివి, ముందు అద్దెకి తీసుకుని చూడరా అన్నాను. గ్రాండ్ లేక్ దగ్గర కొండ స్లెడ్‌లు రోజు అద్దెకిస్తారు. అదే నెలాఖరున వచ్చి ఒకరోజు 165, మర్నాడు 154 నడిపాడు. రెండోరోజు మధ్యాహ్నం పైన్ చెట్ల మధ్య, హ్యాండిల్ లోయ వైపు తిప్పి, ఇరవై గజాలు ఒరిగి వెళ్ళి, హెల్మెట్ తీసి అరిచాడు. 165 మీద నిన్నంతా ఆ పని చేయలేకపోయాడు.

సాయంత్రం పార్కింగ్‌లో ఫోన్ తీసి ఐదు రోజుల అద్దె ఒకవైపు, 154 ధర ఒకవైపు వేసుకుని కూడికలు చేస్తూ కూర్చున్నాడు. ఇంతలో వాళ్ళావిడ వీడియో కాల్. పెళ్ళైన కొత్తలో గుల్మార్గ్ వెళ్ళినప్పుడు డ్రైవర్ వెనక కూర్చుని స్నోమొబైల్ ఎక్కింది కాబట్టి ఆమెకి ఇవి కొత్త కాదు. బండిని అటూ ఇటూ తిప్పి చూపించమంది. వాడు చూపించాడు. సన్నటి సీటు, దాని వెనక టన్నెల్ మీద పెట్రోలు డబ్బా కట్టుకునే చోటు.

"సరే గానీ, నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

కొండ స్లెడ్ ఒంటి సీటు బండి అన్న సంగతి వాడు ఆమెకి అప్పటిదాకా చెప్పలేదు.